మధ్యాహ్నం పూట శుభోదయం

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు నేను కాపురానికి వచ్చిన వారంలోనే కనిపెట్టారు. అందులో నేను సిగ్గుపడేదేమీ లేదు. మాకో రిపేరు కొట్టుంది. స్క్రూడ్రైవరు మా ఆయనది, కౌంటరు నాది. ఆయన మిక్సీలనూ ఫ్యాన్లనూ ఆంప్లిఫయర్లనూ బాగుచేస్తాడు, నేను వాటి సొంతదారులను బాగుచేస్తాను. నోరు లేకపోతే ఆ కొట్టు నడవదు. అలాంటి నన్ను తీసుకెళ్లి ఒక గదిలో కుర్చీ వేసి, ఇక్కడ ఉండండి గానీ మాట్లాడకండి అన్నారు.

"మాట అందించకూడదు. తల ఊపకూడదు. ఆమె తడబడితే సరిచెయ్యకూడదు. మీరు నోరు విప్పారంటే రేపు కోర్టులో ఆ మాటలు ఆమెవి కావు, మీవి అంటారు. పక్కన ఉండటమే మీ పని."

ఇదంతా చెప్పింది ఆఫీసరమ్మ. మా ఆడపడుచు మీద జరిగిన అత్యాచారం గురించి ఆమె నోటి నుంచే విని, రికార్డు చేసి కోర్టుకు పంపడం ఆవిడ ఉద్యోగం. యూనిఫాం లేదు. ముఖం చూస్తే ఉప్పు మరిచిపోయిన కూరలా ఉంది. అయ్యో అనలేదు, పాపం అనలేదు, భుజం తట్టలేదు. నాకు మొదటి చూపులోనే నచ్చలేదు.

"ఇంకో మాట. అది జరిగినప్పుడు మీరు ఆ చుట్టుపక్కల ఉన్నారా? ఏమన్నా చూసినవాళ్లు, విన్నవాళ్లు సాక్షులవుతారు. సాక్షులు లోపల కూర్చోకూడదు" అంది.

"లేనండీ. అది సాయంత్రం జరిగింది. సాయంత్రాలు నేనటు వెళ్లను" అన్నాను. అబద్ధం కాదు. నాకు తెలిసింది అంతే.

మా ఆడపడుచును ఇంట్లో అందరం మైకు అంటాం. చిన్నప్పుడు వీధి చివర ఆడుకుంటూ అక్కణ్నించే అన్నం పెట్టమని అడిగేదట, వంటింట్లోకి వినబడేదట. ఆ గొంతే దానికి ఉద్యోగం తెచ్చింది. బస్టాండు మేడ మీద, కిందివాళ్లకు లోపల కనబడని అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఏది ఆలస్యమో చెప్తుంది. ఇంట్లో నాతో సమానంగా పోట్లాడే పిల్ల అక్కడ కూర్చుంటే లోకంలోని మర్యాదంతా ఒలకబోస్తుంది. బస్సు తప్పిపోయినవాళ్లు కూడా దాని గొంతు విని తిట్టడం మానేస్తారని నేను కొట్లో అందరికీ చెప్పుకునేదాన్ని.

ఆ అద్దాల గదిలోనే షిఫ్టు ఇన్‌ఛార్జి దాని మీద పడ్డాడు. మా చుట్టాల్లో కొందరు "పాడుచేశాడు" అంటున్నారు. పాడైనవి ఎలా ఉంటాయో నేను కౌంటర్లో రోజూ చూస్తాను. అది పాడవలేదు. పాడైనది వాడు. వాడు ఇంకా అదే బస్టాండులో డ్యూటీ చేస్తున్నాడు, ఆ మైకు ముందు ఇప్పుడు ఇంకో అమ్మాయి కూర్చుంటోంది. మా మైకు చెప్పేది నిలబడితేనే వాడి మీద కేసు నడుస్తుంది. నిలబడకపోతే వాడు నవ్వుకుంటూ మళ్లీ ఆ మెట్లెక్కుతాడు.

చాలా రోజులు అది ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లు ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లింది, తర్వాత తలనొప్పి అని మానేసింది. చివరికి ఒకరోజు వంటింట్లో నా వెనక నిలబడి చెప్పింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. వెనకది ముందు, ముందుది వెనక. కొన్నిచోట్ల అసలేమీ లేదు. నేను విన్నాను, ఏడ్చాను, దాన్ని అడిగి మా ఆయనకు చెప్పాను.

తెగిన వైరు కనబడితే అతికేదాకా మా ఆయనకు అన్నం సహించదు. చెల్లెలి మాటల్లో అన్నీ తెగిన చోట్లే. రోజూ కొట్టు కట్టేశాక దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు.

"ఎప్పుడు జరిగింది?"

"ఏ రోజో, ఏ వేళో తెలీదన్నయ్యా."

"డ్యూటీలు మారే వేళయ్యుంటుంది. సాయంత్రం. అప్పుడే పైన ఎవరూ ఉండరు."

అలా అది సాయంత్రమైంది.

"అరిచావా?"

అది నేల చూసింది.

"అరిచే ఉంటావు. నీ గొంతుకి వీధి వీధంతా లేస్తుంది. అరిచావు, వాడు నోరు మూశాడు. సరేనా? మరి మైకు నీ చేతి పక్కనే ఉంది కదా. మీట నొక్కితే బస్టాండంతా వినేది కదా. నొక్కావా?"

మా ఆయన కాసేపు ఆలోచించాడు. బిగిసిపోయిన మోటారును చూసేటప్పుడు కూడా అలాగే ఆలోచిస్తాడు.

"వైరు లూజై ఉంటుంది. నొక్కావు, పలకలేదు."

అబద్ధమాడినా గోడ కట్టినట్టుండాలంటారు. మా ఆయన గోడ కట్టడమే కాదు, సున్నం కూడా కొట్టాడు. "దాన్ని దాని మానాన చెప్పనివ్వండి" అని నేను పోట్లాడాను. "చెప్పింది విన్నావుగా, తలా తోకా ఉందా దానికి? వాడి లాయరు ఎక్కడ వేలు పెడతాడో నాకు తెలుసు. ఆ కన్నాలే నేను మూస్తున్నా" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి ఆ పూటకి ఊరుకున్నాను. మర్నాడు మళ్లీ పోట్లాడాను. గెలవలేదు.

ఆఫీసు వరండాలో వేచి ఉన్నప్పుడు కూడా వదలలేదు. "వైరు సంగతి మరిచిపోకు" అని చెవిలో అంటూనే ఉన్నాడు. పిలుపు వచ్చాక గుమ్మం దగ్గర మైకు నా చిటికెన వేలు పట్టుకుంది.

"మధ్యలో లేచిపోవుగా వదినా?"

"నువ్వు లేచేదాకా లేవను" అన్నాను.

గది చిన్నది. మూడు కుర్చీలు, ఒక పొట్టి బల్ల, నీళ్ల సీసా, గోడ మీద కెమెరా. బల్ల మీద చిన్న స్టాండుకి ఒక మైకు. కుర్చీ ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుకోమంది ఆఫీసరమ్మ. మా మైకు తన కుర్చీని తలుపు కనబడేలా జరుపుకుంది. తర్వాత తలుపుకు దూరంగా లాక్కుంది. మళ్లీ ముందుకు లాక్కుంది. నేల మీద ఆ కీచుమనే చప్పుడుకు నా పళ్లు పులిశాయి. ఆఫీసరమ్మ మాత్రం ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు ఊరుకుంది.

"గుర్తున్నది చెప్పండి. గుర్తులేకపోతే లేదనండి, అదీ జవాబే. నేను తప్పుగా అంటే సరిచెయ్యండి. ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపేస్తాను. ఎందుకు అన్న ప్రశ్న నేను అడగను" అంది.

మా మైకు బల్ల మీది మైకును చూసింది. వీపు నిటారుగా అయింది. గొంతు సవరించుకుంది. పని మొదలుపెట్టే ముందు చేసే అలవాటు కొద్దీ వేలి కొసతో దాన్ని ఒకసారి తట్టింది. తర్వాత బస్టాండు గొంతు వచ్చింది.

"సాయంత్రం డ్యూటీలు మారే సమయంలో షిఫ్టు ఇన్‌ఛార్జి మైకు గదిలోకి ప్రవేశించారు. నేను గట్టిగా అరిచాను. ఆయన నా నోరు మూశారు. నేను మీట నొక్కాను. వైరు లూజుగా ఉన్నందువల్ల మైకు పలకలేదు."

ఎక్కడా తడబాటు లేదు. వాడిని 'ఆయన' అని కూడా అంది. ఇంకొంచెముంటే 'ప్రయాణికులు గమనించగలరు' అంటుందేమోనని భయపడ్డాను. మా ఆయన అతికిన ప్రతి ముక్కా ఉంది, మా పిల్ల మాత్రం ఎక్కడా లేదు. అయిపోయాక ఒళ్లో చేతులు పెట్టుకుని తర్వాతి బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చుంది.

ఆఫీసరమ్మ మరో ప్రశ్న వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. బల్ల వైపు చూసి, "ఈ మైకు ఇక్కడుంటే మీకెలా ఉంది?" అంది.

మా మైకు చేతులు ఒళ్లోంచి ఇంకా వెనక్కి పోయాయి. "తీసెయ్యచ్చా?"

"మీరు తీస్తారా, నేను తియ్యనా?"

"మీరు తియ్యండి."

ఆవిడ లేచి దాన్ని తీసి గది మూల పెట్టి వచ్చింది. "పైన ఇంకోటి ఉంది, అది వింటూనే ఉంటుంది. మీకు తెలియకుండా ఏదీ ఉండకూడదని చెప్తున్నాను" అంది. "ఇప్పటిదాకా చెప్పింది రికార్డయింది. అది అలాగే ఉంటుంది. మార్చాలనిపిస్తే మార్చండి, దానికి ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు. వరసగా చెప్పక్కర్లేదు. మీరు పిలవకుండానే వచ్చేది ఏదన్నా ఉందా? చప్పుడో, వాసనో, ఏదైనా."

ఇక మొదలైంది నా శిక్ష. ఎవరూ మాట్లాడరు. నేను కాళ్లు చాపాను, ముడుచుకున్నాను. ఒళ్లో నీలం సంచి జిప్పు మీదికి వేళ్లు పోతే గట్టిగా పట్టి ఆపుకున్నాను. ఆ ముక్కలన్నీ నాకు తెలుసు. వంటింట్లో అది చెప్పినవి ఒక్కొక్కటీ అందిద్దామని నాలుక దురద పెడుతోంది. ఈవిడకు జీతం ఇస్తున్నది ఊరుకున్నందుకా అని కూడా అనిపించింది. చెప్పు తల్లీ, చెప్పు అని లోపల్లోపల అరుస్తూ, బయటికి కుక్కిన పేనులా కూర్చున్నాను.

"తాళాలు" అంది మైకు.

అది దాని సొంత గొంతు. చిన్నగా, బొంగురుగా ఉంది.

"తాళాల గురించి చెప్పండి."

"అతను వేలికి తగిలించుకుని తిప్పుతుంటాడు. ఎప్పుడూ. మెట్ల మీద వస్తుంటేనే తెలుస్తుంది. ఆ రోజు నా వెనక తిప్పుతూ తిప్పుతూ ఉన్నాడు. ఆగిపోయింది. ఆగిపోయినప్పుడు తెలిసింది నాకు."

"ఇంకా?"

"మైకు స్టాండు. ఇనపది. చెయ్యి తగిలితే కాలింది. ఎండ పడుతుంది కదా దాని మీద, అద్దంలోంచి."

అంటూనే ఆగింది. నాకూ తెలిసింది. సాయంత్రం ఆ గదిలో ఎండ ఉండదు. ఆఫీసరమ్మకు తెలిసిందో లేదో, తెలిసినా దాని మీద దూకలేదు. నేనైతే దూకేదాన్ని. అది నా వైపు చూసింది. నేను గోడనయిపోయాను.

"సాయంత్రం కాదు. సాయంత్రం అన్నయ్య పెట్టాడు. నాకు తెలియదంటే ఆయన పెట్టాడు. మధ్యాహ్నం. వైరు కూడా ఆయనే. మైకు బాగానే ఉంది." దాని మాటలు ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నేను అరవలేదు. నా చెయ్యి మీట పక్కనే ఉంది. కనబడుతోంది మీట. ఇంత గొంతుంది నాకు, అందరూ మైకు అంటారు నన్ను. నొక్కలేదు."

ఇప్పుడడుగుతారు ఎందుకు నొక్కలేదని. మా ఆయన అడిగాడు, మా అత్తగారు అడిగారు, లోపల్లోపల నేనూ అడిగాను. ఆఫీసరమ్మ అడగలేదు.

"ఆ చెయ్యి అప్పుడెలా ఉంది?"

అలాంటి ప్రశ్న ఒకటుందని నాకు తెలియదు. మైకు తన కుడిచేతిని పైకెత్తి చూసుకుంది.

"నాది కాదు. ఎవరో బల్ల మీద పెట్టి మరిచిపోయినట్టుంది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు గనక చప్పుడు కాకుండా ఏడ్చాను. అది తన నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. ఆఫీసరమ్మ మమ్మల్ని ఇద్దరినీ కాసేపు వదిలేసి, తర్వాత ఏం జరిగిందో గుర్తున్నంతవరకు చెప్పమంది.

"వెళ్లిపోయాడు. తాళాలు మళ్లీ మోగాయి. తర్వాత…" ఇక్కడ దాని గొంతు దాదాపు వినబడకుండా పోయింది. "తర్వాత నేను మైకులో మాట్లాడాను."

"ఏం మాట్లాడారో గుర్తుందా?"

"లేదు. ఎర్ర లైటు వెలిగింది, అది గుర్తుంది. అద్దంలోంచి కింద బెంచీ మీద వదిన కనబడింది, ఈ నీలం సంచి పట్టుకుని. అంతే. మామూలుగానే మాట్లాడి ఉంటాను, రోజూ మాట్లాడినట్టే. అది ఎవరికీ చెప్పలేదు నేను. అంత జరిగాక కూర్చుని బస్సులు చెప్పిందంటే ఎవరు నమ్ముతారు? బస్టాండంతా విన్నారు."

నేను విన్నాను.

దానికి భోజనం పట్టుకెళ్లిన రోజు. ఆకలేసి తనే దిగొస్తుందని బెంచీ మీద కూర్చున్నాను. ఎండకు ప్లాట్‌ఫారాలు మాడిపోతున్నాయి. నెత్తి మీద స్పీకర్లోంచి దాని గొంతు వచ్చింది, ఎప్పటిలా మర్యాదగా. "ప్రయాణికులకు శుభోదయం. ఈ రోజు మొదటి బస్సు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. మీ ప్రయాణం సుఖంగా సాగాలని కోరుకుంటున్నాం." తెల్లవారుజామున చెప్పేది అది. రోజుకు ఒక్కసారే చెప్తుంది. మిట్ట మధ్యాహ్నం అది వినేసరికి బస్టాండంతా నవ్వింది. టీ తాగుతున్న డ్రైవరొకడు పైకి చూసి, "ఇప్పుడు తెల్లారిందా అమ్మా?" అన్నాడు. "మా ఆడపడుచే, ఆకలికి రోజు తిరగేసింది" అని నేను గొప్పగా చెప్పుకున్నాను. కాసేపటికి అది దిగొచ్చింది. తినలేదు. తలనొప్పి, ఇంటికి పోదాం అంది. తర్వాత మా ఆయన దాన్నంతా సాయంత్రానికి మార్చాడు గనక, ఆ మధ్యాహ్నం సంగతి నాకు మళ్లీ గుర్తురాలేదు.

మామూలుగా మాట్లాడానని అది కుమిలిపోతోంది. మామూలుగా మాట్లాడలేదే పిచ్చిదానా. నా పెదాలు విడిపోయాయి కూడా. మొదటి అక్షరం పళ్ల దాకా వచ్చింది. గట్టిగా దగ్గాను. ఆఫీసరమ్మ నా వైపు ఒక్క క్షణం చూసి, "కాసేపు ఆగుదామా?" అని దాన్ని అడిగింది. అది సరేనంది. అక్కడే పనిచేసే ఒకావిడ దాన్ని ముఖం కడుక్కోవడానికి తీసుకెళ్లింది.

నేను వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. నోరు విప్పితే సాక్షినవుతాను, కుర్చీ పోతుంది. లేచేదాకా లేవనని మాటిచ్చాను. విప్పకపోతే దాని పక్కనే కూర్చోవచ్చు. కానీ వాడి లాయరు లేచి, అంతా అయ్యాక హాయిగా బస్సులు చెప్పుకుందండీ అంటే, కాదు అనేవాళ్లు ఎవరున్నారు? నవ్విన డ్రైవరును ఎక్కడని వెతుకుతారు? జన్మలో మొదటిసారి ఒక మాట చెప్పాలా వద్దా అని ఆలోచించాను. నాకు ఆ అలవాటు లేదు.

ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్లాను. "నేనా రోజు అక్కడున్నానండీ. మధ్యాహ్నమని తెలియక లేనన్నాను. అది మైకులో ఏం మాట్లాడిందో విన్నాను."

"ఏం విన్నారో నాకు చెప్పకండి" అంది వెంటనే. "రేపు మీ వాంగ్మూలం ఇంకొకరు తీసుకుంటారు. ఆయనకు చెప్పండి. ఆమెకు అసలు చెప్పకండి. ఆమెకు గుర్తున్నది ఆమెదిగా, మీరు విన్నది మీదిగా విడివిడిగా ఉంటేనే రెండూ నిలబడతాయి."

"ఒక్క ముక్క చెప్తే దాని మనసు తేలిక పడుతుందండీ."

"పడుతుంది" అంది. మొదటిసారి ఆవిడ ముఖంలో కాస్త ఉప్పు కనబడింది. "నాకు తెలుసు. భయంతో మనిషి కొయ్యబారిపోతుంది, తర్వాత చేతులూ నోరూ రోజూ చేసే పని వాటంతటవే చేసేస్తాయి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల దగ్గర చాలాసార్లు విన్నాను. ఇంటికెళ్లి గిన్నెలు తోమినవాళ్లున్నారు. అయినా మీరు చెప్పకండి. కేసు అయ్యేదాకా."

కేసు అయ్యేదాకా. నోట్లో నువ్వుగింజ నానని నాతో అంటోంది ఆవిడ.

మైకు తిరిగొచ్చాక ఆవిడే దానికి చెప్పింది. మీ వదినగారు సాక్షి కావచ్చు, లోపల ఉండకూడదు, ఈ రోజుకు ఆపేద్దామన్నా సరే, వేరేవాళ్లను కూర్చోబెట్టుకుందామన్నా సరే, మీ ఇష్టం అంది. మైకు నా వైపు తిరిగింది.

"లేవనన్నావు."

"అన్నాను" అన్నాను.

దాని ముఖం ఎర్రబడింది. ఆ కోపం చూసి నాకు, చెప్పకూడదు గానీ, ప్రాణం లేచొచ్చింది. ఆ ముఖంలో కోపం చూసి చాలా రోజులైంది. తర్వాత నా చేతిలోని నీలం సంచి వైపు చూసింది.

"ఆ సంచి కుర్చీలో పెట్టి పో."

పెట్టాను. అద్దంలోంచి కనబడినట్టే కనబడేలా, జిప్పు ముందుకు ఉండేలా సర్ది పెట్టాను. తలుపు మూసుకుంది.

వరండాలో మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఏమైందే? నువ్వొచ్చేశావేం? వైరు సంగతి చెప్పిందా?"

"లోపలి సంగతి బయట చెప్పకూడదు."

"ఎవరు, నువ్వా?" అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకు ఇంట్లో మూడు రోజులు వంట ఉండేది కాదు. నేను జవాబివ్వకపోయేసరికి ఆయనకు నిజంగానే భయం వేసింది. బెంచీ మీద నా పక్కన కూర్చుని చేతుల్లో లేని స్క్రూడ్రైవరును తిప్పుతూ కూర్చున్నాడు. నేను లేచి తిరిగాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. సంచి లేని ఒళ్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపలినుంచి ఒక్క ముక్క వినబడలేదు. ఎంత గట్టి తలుపులు చేయించారో అనుకున్నాను, కాసేపు తిట్టుకుంటూ, కాసేపు దండం పెట్టుకుంటూ.

ఎండ వరండా దాటి గోడ ఎక్కాక తలుపు తెరుచుకుంది. మైకు నా సంచి భుజానికి తగిలించుకుని బయటికి వచ్చింది. నేరుగా అన్నయ్య ముందుకు వెళ్లింది.

"వైరు తీసేశానన్నయ్యా."

"ఏంటి?"

"మైకు బాగానే పనిచేసింది. నేను నొక్కలేదు. అరవలేదు కూడా. అదే చెప్పాను."

మా ఆయన వాదిస్తాడేమోనని నేను మధ్యలోకి వెళ్లబోయాను. ఆయన బెంచీ మీద కూలబడ్డాడు.

"అరిచావనుకుంటే…" అన్నాడు. "కనీసం అరిచావనుకుంటే నాకు కాస్త నిద్ర పట్టేదమ్మా."

"తెలుసు. అందుకే ఇన్నాళ్లూ కాదనలేకపోయాను."

ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అది కాసేపు నిలబడి చూసి, ఆయన పక్కన కూర్చుని, భుజానికి భుజం ఆనించింది. ఓదార్చాల్సింది ఆయనా, ఇదా అని నాకు ఒళ్లు మండింది. కానీ అప్పటికే నేను ఊరుకోవడంలో కాస్త ఆరితేరాను.

ఆయన్ను కొట్టుకు పంపేసి మేమిద్దరం రోడ్డు చివర బస్సు కోసం నిలబడ్డాం. మైకు కుదురుగా లేదు. ఆ సంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి, ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మారుస్తోంది.

"విన్నావుగా నువ్వు" అంది.

నేను రోడ్డు వైపు చూశాను.

"నేనేమన్నాను వదినా?"

"చెప్పకూడదన్నారు."

"నీ నోట్లో ఏదైనా నిలిచిందా ఎప్పుడన్నా? పోనీ అంతా వద్దు. ఒక్కటి చెప్పు. చెడ్డగా ఏమన్నా అన్నానా? అందరి ముందూ? అవునా కాదా, తల ఊపు చాలు."

లేదు తల్లీ. నువ్వు అందరికీ శుభోదయం చెప్పావు. వాడు మెట్లెక్కి రాని పొద్దునకు వెళ్లిపోయి, అక్కణ్నించి మొదటి బస్సు చెప్పావు. అందరి ప్రయాణం సుఖంగా సాగాలన్నావు. అదంతా నాలుక మీదే ఆపుకున్నాను. మెడ కదిలితే తల ఊగుతుందేమోనని మెడ కూడా బిగపట్టాను. అది నా ముఖం వైపే చూస్తోంది. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుంటే దానికీ ఏదో అర్థం తీస్తుందని తుడుచుకోలేదు.

చాలాసేపు చూసి, తన చిటికెన వేలు నా వేలికి తగిలించింది.

"సరే. ఉంచు. నాకు గుర్తొచ్చేదాకా నీ దగ్గరే ఉంచు" అంది.

బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కడికమ్మా అని అడిగాడు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఆ మాటే ముందు వస్తుంది. మైకు నా వైపు చూసి, టిక్కెట్లు తనే అడిగింది.